ముట్టుకోకుండా అనకూడని మాట

నా పదవీ విరమణ రోజున ఆసుపత్రిలో చిన్న సభ పెట్టారు. నాతోపాటే రిటైరవుతున్న గుండె విభాగం సిస్టరు ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో ఒక్కొక్కరూ చెబుతుంటే హాలు హాలంతా ఊపిరి బిగబట్టి వింది. తరవాత నా వంతు వచ్చింది. మైకు పట్టుకున్న పెద్దమనిషి కాసేపు పైకప్పు వంక చూసి, వెతికి వెతికి, "ఈ సిస్టరుగారు మన బరంపురంలో ఎంతమందికో దురద పోగొట్టారు" అన్నాడు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు మరి.

కొత్తగా ఉద్యోగంలో చేరి, చర్మ విభాగంలో వేశారని ముఖం ముడుచుకునే అమ్మాయిల కోసం ఇది రాస్తున్నాను. ముఖం ముడుచుకుంటే ముడతలు పడతాయి. అవి కూడా మన విభాగానికే వస్తాయి.

నేనూ ముడుచుకున్నదాన్నే. మా నాన్న రైల్వేలో పని దొరికి శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి, ఒడిశాకి వచ్చినవాడు. కూతురు నర్సయిందని హల్దియాపదర్‌లో మా వీధంతా మిఠాయి పంచాడు. నాకు ఆపరేషన్ థియేటరు కావాలని ఆశ. పేరు పిలిచి చర్మ విభాగం అన్నప్పుడు, సినిమాకని తీసుకెళ్లి టికెట్ల వరసలో నిలబెట్టి వచ్చేసినట్టనిపించింది. థియేటరులో పడిన నా స్నేహితురాలు భోజనం దగ్గర రోజూ అడిగేది.

"ఏటే, ఇయాల ఎన్ని తామరలు కోసినావు?"

"కొలను నిండా ఉన్నాయి. నీకూ ఒకటి తెమ్మంటావేటి, జడలో పెట్టుకుందువు?" అనేదాన్ని. నవ్వుతూనే అనేదాన్ని గాని అన్నం సయించేది కాదు.

మిగతా విభాగాలవాళ్లు మమ్మల్ని పైపై డిపార్ట్‌మెంటు అనేవారు. దానికి కారణం మేం పొద్దస్తమానం వాడే ఒక ఇంగ్లీషు మాట: సూపర్‌ఫిషియల్. పైపొరలో ఉన్న గాయం సూపర్‌ఫిషియల్, పైపొరను పట్టిన ఫంగస్ సూపర్‌ఫిషియల్, చర్మం కిందే కనిపించే నరమూ సూపర్‌ఫిషియలే. ఆసుపత్రి బయట ఆ మాటకు వేరే బతుకుంది. లోతులేని సినిమా, తెలిసీ తెలియని చదువు, నోటి చివరి ప్రేమ, వీటన్నిటినీ జనం ఆ మాటతోనే కొట్టిపారేస్తారు. నేను మొదటివారంలోనే నిఘంటువు తెరిచి చూశాను. పైపైన ఉండునది, లోతులేనిది అని రాసి ఉంది. నా పోస్టింగు ఆర్డరు మళ్లీ చదివినట్టనిపించి మూసేశాను.

ఆ మాటకు మర్యాద నేర్పింది మా మేడమ్.

మేడమ్‌ది ఖల్లికోట వైపు. ఒడియా ఇంటి ఆడపడుచు. పెద్ద పెద్ద చదువులన్నీ చదివింది గాని తెలుగు మాత్రం మా ఓపీ వరండాలో చేపల బుట్టలు పక్కన పెట్టుకుని కూర్చునే ఆడవాళ్ల దగ్గర నేర్చుకుంది. అందువల్ల అంత పెద్ద డాక్టరూ నోరు విప్పితే "ఏటమ్మా, ఏటైంది, ఇలగ రా" అని అచ్చం ఆర్యపల్లి సముద్రపొడ్డున చేపలు బేరమాడుతున్నట్టుండేది. ఆంధ్రా నుంచి వచ్చిన మందుల కంపెనీల కుర్రాళ్లు బిత్తరపోయేవారు.

ఆవిడకొక నియమం ఉంది. సూపర్‌ఫిషియల్ అన్న మాట ఎవరు రాసినా, అన్నా, ఒకే ప్రశ్న అడిగేది: "ముట్టుకున్నావేటి?" మచ్చను కంటితో చూస్తే చాలదు. వేలితో తడమాలి. దూదిని పోగులా తీసి, రోగిని కళ్లు మూసుకోమని, మచ్చ మీద ఆనించీ ఆనించనట్టు ఆనించి, ఎక్కడ తగిలిందో వేలితో చూపించమనాలి. అదంతా అయ్యాకే ఆ మాట అనే హక్కు వస్తుంది.

"అది కొలత," అనేది. "తిట్టూ కాదు, తీర్పూ కాదు. ఎంత లోతుందో సెప్పే కొలత. సెయ్యి పెట్టకుండా ఎవులైనా లోతు కొలుస్తారా?"

కుర్ర డాక్టర్లు వెనక నవ్వుకునేవారు, మేడమ్ ఇడ్లీని కూడా దూదితో ముట్టుకుని చూశాకే తింటారని. నేనూ నవ్వినదాన్నే. రోజంతా దూది పోగులు చేసేది నేను కాబట్టి కొంచెం ఎక్కువే నవ్వాను.

ఇక అసలు సంగతికి వస్తాను.

మా ఊళ్లో ఠాకురాణి జాతర రెండేళ్లకోసారి వస్తుంది. అమ్మవారు పుట్టింటికొచ్చి ఉన్నన్ని రోజులూ ఊరు ఊరులా ఉండదు. మొక్కుకున్నవాళ్లు వేషాలు కడతారు. ఒకడు శివుడవుతాడు, ఒకడు రాక్షసుడవుతాడు. అన్నిటికంటే మోజు పులివేషం. ఒళ్లంతా పసుపు రంగు, దాని మీద నల్లటి చారలు, వెనక తోక. డోలు మోగితే వీధి వీధంతా పులులే. అది ఊరికి పండగ. మాకు మాత్రం పని. ఆ రంగు చర్మానికి పడదు, దాన్ని వదిలించడానికి తుడుచుకునే కిరసనాయిలు అసలే పడదు. దాంతో జాతర సగానికి వచ్చేసరికి మా ఓపీ వరండా అడవైపోయేది. చారలు సగం చెరిగిన పులులు వరసలో కూర్చుని చీటీలు పట్టుకుని గోక్కుంటూ ఉండేవి. తోక నేలమీద పడితే ఎవరైనా తొక్కుతారని ఒడిలో చుట్టగా చుట్టుకునేవారు. పక్కన సెల్‌ఫోన్లతో ఫొటోలు తీసుకునే జనం ఉండనే ఉన్నారు. నేను కొబ్బరినూనె డబ్బా పట్టుకుని, "కిరసనాయిలు రాసుకున్న పులులు ఇటు, రాసుకోని పులులు అటు" అని కేకలు పెట్టేదాన్ని.

అలాంటి ఒక మధ్యాహ్నం ఒక పులిని భార్య రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

ఇద్దరూ మన తెలుగువాళ్లే. అతనివాళ్లు తరాలుగా ఆర్యపల్లిలో ఉన్నవాళ్లు. అతను సముద్రంలో చేపల వేటకెళ్తాడు. ఆమె చేపలు అమ్ముతుంది. ఆమె పుట్టిల్లు హల్దియాపదర్ కావడంతో జాతరకని వచ్చి అక్కడ దిగారు. పులి పొడవైనవాడు, మాట తక్కువ. ఆ లోటు ఆమె తీర్చేది.

"సిస్టరమ్మా, ఈ పులికి మెడకాడ దురదెక్కువైపోనాది. రేత్రంతా గోకుడే. కడిగీసుకో అంటే ఇనడు. మొక్కంట! అమ్మోరు పుట్టింటికాడ్నించి ఎల్లిపోయేదాకా రంగు కడగడంట! నానేమో పులితో కాపరం సేస్తన్నాను."

"ఒలే, ఊరుకోయే," అన్నాడు పులి, సిగ్గుపడుతూ.

ఆవేళ ఓపీలో చిన్న డాక్టరు ఉన్నాడు. బరంపురంలోనే పుట్టి పెరిగిన తెలుగబ్బాయి, తెలివైనవాడు, హస్తవాసి మంచిది. మెడ చూశాడు, రంగు వల్ల వచ్చిన పొక్కులని పోల్చాడు. రాసేటప్పుడు పులి ముంజేతి మీద రంగు పెచ్చు లేచినచోట లేత రంగు మచ్చ ఒకటి కనబడింది. పొరుగు రాష్ట్రం పటంలాగా అంచులు వంకరగా ఉంది.

"ఇదేటిది?"

"అదా బాబూ, అది పాతదే. దాంతో ఏటీ బాధ లేదు. మెడకే మందియ్యండి," అన్నాడు పులి, గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంటూ.

వరండాలో ఇంకా పులులున్నాయి. చిన్న డాక్టరు చీటీ మీద మెడకొక మందు రాసి, దాని కింద సూపర్‌ఫిషియల్ ఫంగస్ అని రాసి, మచ్చకొక పూతమందు రాశాడు. ఆమె చీటీని నాకందించి, ఏం రాశారో చెప్పమంది. చదివాను.

"సూపర్ ఫిష్షా? అదేటి సేప సిస్టరమ్మా? మా కాడ దొరకదే!"

నేను, చిన్న డాక్టరు, వరసలో ముందున్న పులులు, అందరం కలిసి నవ్వాం. ఆ నవ్వుకే అనుకుంటాను, మేడమ్ లోపలి గదిలోంచి వచ్చింది. చీటీ తీసుకుంది. చదివింది. నవ్వలేదు.

"ముట్టుకున్నావేటి?" అని అడిగింది.

"రంగుంది మేడమ్. కడగనంటున్నాడు. మొక్కంట."

మేడమ్ పులి ముందు కుర్చీలో కూర్చుంది. పులి లేచి నిలబడబోతే కూర్చోబెట్టింది. "బాఘ మామూ," అంది. ఒడియా పిల్లల కథల్లో పులిమామను అలా పిలుస్తారు. "ఆ మచ్చ కాడ దురదేస్తాదా?"

"లేదమ్మా."

"సెమట పడతాదా?"

అతను ఆలోచించాడు. "లేదమ్మా. అక్కడ పొడిగానే ఉంటాది. సెప్పేను కదమ్మా, దాంతో నాకేటీ తెలీదు."

ఏటీ తెలీదు. రోజూ వరండాలో ఎన్నోసార్లు వినే మాట. నొప్పి లేదు, దురద లేదు, ఏమీ తెలియదు అంటే మేం చీటీ రాసి పంపేస్తాం. మేడమ్ మాత్రం ఆ మాటకు కుర్చీ ముందుకు జరుపుకుంది.

"రంగు కడుగుతావా?"

"కడగనమ్మా. అమ్మోరికి మాటిచ్చేను. నాలుకియ్యమంటే ఇస్తాను, రంగు మాత్రం కడగను."

భార్య నోరు తెరిచింది. మేడమ్ చేత్తో ఆపింది. నేననుకున్నాను, ఇక ఇద్దరికీ పంతాలు పడతాయి, పులి లేచి పోతుంది. పోయిన పులి మళ్లీ రాదని మాకు తెలుసు. ఆర్యపల్లి ఎంత దూరం? దూరం లెక్క కాదు, భయం లెక్క.

మేడమ్ పంతం పట్టలేదు. "కడగొద్దులే. మాట మాటే," అంది. "సెయ్యి ఇలగివ్వు."

అతని మోచెయ్యి మడిచి, తన ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని, కుడిచేతి వేళ్లు మోచేతి ఎముక వెనక, లోపలివైపు గాడిలో పెట్టింది. మీరు మీ మోచేతికి అక్కడ గుమ్మం తగిలించుకుంటే చిటికెన వేలిదాకా జివ్వుమంటుందే, ఆ చోటు. అక్కడ చర్మం కిందే ఒక నరం పోతుంది. కళ్లు మూసుకుని వెతికింది. పసుపు మీద నలుపు, నలుపు మీద పసుపు, వాటి మీద ఆవిడ తెల్లటి వేళ్లు. రంగు రంగుగానే ఉంది. వేళ్లకు అది అడ్డమే కాలేదు.

తరవాత రెండో మోచెయ్యి. మళ్లీ మొదటిది. అప్పుడు చిన్న డాక్టరును పిలిచి అతని వేళ్లను అదే గాడిలో పెట్టించింది. ఆ అబ్బాయి ముఖం మారడం నేను చూశాను. నన్ను కూడా పిలిచింది. రెండోవైపు నరం సన్నటి దారంలా వేలి కింద జారింది. మచ్చ ఉన్నవైపు మాత్రం వల అంచుకు కట్టే తాడంత లావుగా, గట్టిగా తగిలింది.

మేడమ్ అతని అరచేతులు తిప్పింది. పులివేషంలో అరచేతులకు రంగు వెయ్యరు. చిటికెన వేలి కిందుగా తాడు ఒరుసుకుని బొబ్బ పగిలి పుండై ఉంది.

"ఇదెప్పుడైంది?"

అతను అరచెయ్యి వంక పరాయి వాళ్ల చెయ్యి చూసినట్టు చూశాడు. "ఏమో అమ్మా. సూసుకోలేదు."

వల తాళ్లు లాగే మనిషికి అరచేతిలో పుండు తెలియలేదు.

మేడమ్ చీటీలోంచి ఒక ముక్క చింపి అతని ఉంగరపు వేలికీ చిటికెన వేలికీ మధ్య పెట్టి, "గట్టిగా పట్టుకో, లాగుతాను," అంది. అతను పళ్లు బిగించి పట్టుకున్నాడు. కాగితం నూనెలో వత్తిలా జారి వచ్చేసింది. మళ్లీ పెట్టింది. మళ్లీ జారింది. అప్పటిదాకా నవ్వులాటగా చూస్తున్న భార్య ముఖం చిన్నబోయింది. తన మొగుడి చేతిలోంచి చిత్తుకాగితం జారిపోవడం ఆమె చూసింది.

అందరి ముందూ మేడమ్ ఇంకేమీ అనలేదు. వాళ్లిద్దర్నీ డ్రెస్సింగు గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది. నేను దూది పట్టుకుని వెళ్లాను. రంగు పెచ్చు లేచినచోట మచ్చ మీద దూది ఆనిస్తే, కళ్లు మూసుకున్న పులి, "ఇంకా ముట్టుకోలేదేటమ్మా?" అని అడిగాడు.

కళ్లు తెరిచాక మా ముగ్గురి ముఖాలు చూసి అతనే అన్నాడు. "పెద్దరోగమేనా?" కుష్ఠుకు మావైపు ఆ పేరే.

"పేరే పెద్దది. మనకి అది సిన్నగా ఉన్నప్పుడే దొరికింది," అంది మేడమ్.

అప్పుడు బయటపడింది అసలు మొక్కు. మచ్చ కనబడి చాలాకాలమైంది. అతనికి అనుమానం వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. మచ్చ పోతే పులివేషం కడతానని అమ్మవారికి మొక్కుకున్నాడు. మచ్చ పోలేదు. "ముందే మొక్కు తీర్చీస్తే, అమ్మోరికి మొగమాటమేసి తీసీస్తాదనుకున్నాను," అన్నాడు తల దించుకుని. పైగా రంగులో మచ్చ కనపడదు, అత్తవారింట్లో ఎవరూ అడగరు.

"ఓలమ్మో! అమ్మోరికి అడ్వాన్సు కట్టీసినాడమ్మా!" అంది భార్య. నవ్వబోయి ఏడ్చేసింది. ఏడుస్తూనే, "నాకు సెప్పలేదేటి? నానేటి పరాయిదాన్నా?" అని భుజం మీద గుద్దింది. గుద్దిన చేతికి పసుపు అంటుకుంది.

అతని బెంగ రోగం గురించి కాదు. పడవ గురించి. పడవ ఆర్యపల్లిలోనే ఉండే ఆమె అన్నది. మచ్చ సంగతి తెలిస్తే ఎక్కనివ్వడు. ఒకే కుండలో తాగే నీళ్లు, ఒకే గిన్నెలో తినే కూడు. వేట తప్ప వేరే పని రాదు.

"ఎక్కనీకపోతే నానెక్కుతాను. నువ్వు ఒడ్డున కూకుని సేపలమ్ము. నీ నోటికి ఒక్క సేపా అమ్ముడుపోదు, అది వేరే మాట," అంది ఆమె.

మేడమ్ నిదానంగా చెప్పింది. ఇది నయమయ్యే జబ్బు. మందు ఉచితం. మొదలుపెట్టాక ఇంకొకరికి అంటదు, పడవెక్కొచ్చు, ఒకే గిన్నెలో తినొచ్చు. నరం వాపు తగ్గడానికి వేరే మాత్రలు, వేళ్లకు వ్యాయామం. కాని మానకూడదు. మొదటి మోతాదు ఇక్కడే, మా కళ్ల ముందే మింగాలి. నేను మంచినీళ్లిచ్చాను. పులి మాత్రలు మింగింది.

"ఒంటేలు ఎర్రగా వస్తాది. బెదిరిపోకు," అన్నాను. "ఒళ్లు కూడా కొంచెం నలుపెక్కుతాది. మందు అయ్యాక తగ్గిపోతాది."

"ఉన్న నలుపుకేటి తక్కువొచ్చిందమ్మా," అంది భార్య కళ్లు తుడుచుకుంటూ.

మెడ దగ్గర దద్దురు ఉన్నంత మేర కొబ్బరినూనెతో రంగు తుడవడానికి బేరం కుదిరింది. అంతవరకు అమ్మవారు ఏమీ అనుకోదని మేడమ్ హామీ ఇచ్చింది. మెడ మీద చారల్లేని పులి ఆ జాతరలో అదొక్కటే.

వాళ్లు వెళ్లాక చిన్న డాక్టరు చాలాసేపు కలం మూత తీసి పెడుతూ ఉన్నాడు. చివరికి, "మేడమ్, రంగు మీంచి నరం తెలుస్తుందని నాకు తట్టలేదు," అన్నాడు.

మేడమ్ వేళ్లకంటిన పసుపును దూదితో తుడుచుకుంటోంది. "అది సూపర్‌ఫిషియల్ నరం కాబట్టి తెలిసింది," అంది. "లోతుగా ఉంటే నేనేటి సెయ్యగలను? పైనున్నాదే సేతికి అందుతాది బాబూ. పైనున్నాదని దాన్ని వదిలీస్తే ఇంక మనకి అందేదేటుంది?"

నా నిఘంటువులో ఆ అర్థం లేదు.

నా భయం మాత్రం తీరలేదు. తిరిగి వస్తాడా? అలా మాత్ర మింగి వెళ్లి, మళ్లీ కనపడనివాళ్లను చూశాను. మేడమ్‌తో అన్నాను. జాతర ఆఖరి రోజు సాయంత్రం ఆవిడ, "నడు, పులులు సూసొద్దాం," అంది.

అమ్మవారు పుట్టిల్లు వదిలే రోజు. జనం, డోళ్లు, ధూళి. మెడ బోసిగా ఉన్న పులిని పట్టుకోవడం కష్టం కాలేదు. ఏం ఆడాడు! వంగి, నేలకు పొట్ట ఆనించి, ఒక్క ఎగురు ఎగిరితే పిల్లలు కెవ్వున వెనక్కి పడ్డారు. అతని భార్య అరుగు మీద నిలబడి ఉంది. ఆమె పక్కన దిట్టంగా ఉన్న మనిషి ఆమె అన్న అయి ఉండాలి. జబ్బు సంగతి ఆమె చెప్పేసిందని ఆ మనిషి నిలబడిన తీరులోనే తెలిసింది. ఆట దగ్గరికొచ్చినప్పుడల్లా అతను ఒకడుగు వెనక్కి వేస్తున్నాడు. పులికీ అది తెలుసు. ఆ అరుగు ముందుకు వచ్చినప్పుడు మాత్రం ఆట తడబడుతోంది.

డోలు ఆగింది. మేడమ్ జనంలోంచి తిన్నగా నడిచి పులి దగ్గరికి వెళ్లింది. తెల్లటి నేతచీర. అది కొత్తచీరని నా ఒక్కదానికే తెలుసు. చెమటా రంగూ కారుతున్న ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, మోచెయ్యి మడిచి, ఓపీలో చూసినట్టే నరం చూసింది. చిటికెన వేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. పులి చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. ఆవిడ వదల్లేదు. చెయ్యి పట్టుకునే అరుగు వైపు తిరిగింది.

"నువ్వేనా బాబూ పడవాయన? మీ బావ మందు మానకుండా నువ్వే పంపాలి. నెల నెలా. వేట మానక్కర్లేదు."

ఆ మనిషి ఆవిడ ముఖం చూడలేదు. ఆవిడ చేతులు చూశాడు. మణికట్టుదాకా పసుపు, చీర కుచ్చిళ్లమీద నల్లటి చార.

"అలాగేనమ్మా," అన్నాడు. దిగివచ్చి, తన భుజం మీది తువ్వాలుతో పులి ముఖం మీది చెమట తుడిచాడు. మొరటుగా తుడిచాడు. రంగు సగం ఊడింది. జాతర అయిపోయింది కదా, మొక్కు తీరింది.

చీర మరక పోలేదు. నేను కొబ్బరినూనె పద్ధతి చెప్పాను. "సర్మానికి పనిసేసేది సీరకి పనిసెయ్యదు సిస్టర్," అంది. ఆ మరకతోనే కట్టుకునేది.

అతను వచ్చాడు. నెల నెలా వచ్చాడు. ఒకసారి తుపాను హెచ్చరికలో బస్సులు లేకపోతే ఆ బావమరిదే మోటారు సైకిలు మీద తీసుకొచ్చాడు. వచ్చిన ప్రతిసారీ మేడమ్ వేళ్ల మధ్య కాగితం పెట్టి లాగేది. మొదట్లో జారిపోయేది. తరవాత కొంచెం ఆగి జారేది. భార్య అతనికంటే గట్టిగా పళ్లు బిగించి చూస్తుండేది. మందు కోర్సు చివరి నెలలో మేడమ్ కాగితం పెట్టి లాగింది. రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగింది. కాగితం చిరిగింది. సగం ఆవిడ చేతిలో, సగం అతని వేళ్ల మధ్య.

చిన్న డాక్టరు ఆ సగం ముక్కను అతని వేళ్లలోంచి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఇప్పుడు సొంత క్లినిక్కు పెట్టాడు. మచ్చతో ఎవరొచ్చినా ముందు మోచెయ్యి పట్టుకుంటాడని విన్నాను.

మళ్లీ జాతర వచ్చింది. మళ్లీ మా వరండా అడవైంది. కొబ్బరినూనె డబ్బాతో అరుస్తూ ఉంటే వరస చివరినుంచి తెలిసిన గొంతు వినిపించింది.

"సిస్టరమ్మా! మళ్లీ గోకుడమ్మా ఈ పులికి!"

ఈసారి మొక్కేమిటని అడిగితే, "మొక్కేటీ లేదమ్మా. బాకీ. నయమయ్యాక ఆడాల కదా," అన్నాడు. మెడ నుంచి వీపుదాకా దద్దురు. ఆమె నవ్వుతూనే ఉంది గాని చెయ్యి మాత్రం అతని చెయ్యిని వదలడం లేదు. కొత్త మచ్చేమైనా వచ్చిందేమో అన్న భయం ఆ పట్టులో ఉంది.

మేడమ్ తొందరపడలేదు. వేలితో తడిమింది. దూది పెట్టింది. ముట్టుకున్న ప్రతిచోటా అతను, "అక్కడ. అదిగో అక్కడ. సక్కిలిగింత పెడతన్నారమ్మా," అన్నాడు. రెండు మోచేతులూ చూసింది. అరచేతులు చూసింది. అన్నీ అయ్యాక చీటీ తీసుకుని ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాసి నాకిచ్చింది.

"ఏటి రాసినారు సిస్టరమ్మా?" అని ఆమె నా ముఖం వంక చూసింది. వరండాలో గోక్కుంటున్న పులులన్నీ కూడా అటే చూశాయి.

చదివాను. "సూపర్‌ఫిషియల్. రంగు పడలేదంతే. పైపైదే."

"పైపైదేనా?"

"పైపైదేనమ్మా. మేడమ్ ముట్టుకుని రాశారు."

ఆమె చంకలోని బుట్ట కింద పెట్టి, అక్కడే నేలమీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ మాటను తనలో తను రెండుమూడుసార్లు అనుకుంది. పైపైదే. పైపైదే. తరవాత తలెత్తి మొగుడితో అంది.

"ఇన్నావా? సూపర్ ఫిష్షంట. నడు, ఎల్దాం."